ముప్పై ఒక్క గడుల పాప

పళ్ళు తోమడమన్నది రెండు నిమిషాల పని కాదు, మూడు చరణాల పని అని శైశవ లయ శాఖ తేల్చి చెప్పింది కాబట్టి, ఆ ఉదయం తల్లి బ్రష్షు పట్టుకుని రెండో చరణంలో ఉంది. ఎదురుగా రెండున్నరేళ్ళ పాప నోరు తెరుచుకుని నిలబడి ఉంది. (నోరు తెరవడానికి వేరే పాట. అది అంతకుముందే అయిపోయింది.)

శాఖవారి సిద్ధాంతం చిన్నదే. రోజూ ఒకే పనికి ఒకే పాట పాడితే పిల్లలకు బెరుకు పోతుంది, జ్ఞాపకం పెరుగుతుంది, మాటలు వస్తాయి. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకని శాఖవారు దానికొక ఫారం తయారుచేశారు. అందులో పనికో గడి, గడికో పాట చొప్పున ముప్పై ఒక్క గడులు. పక్కవీధి శిశు పాఠశాలలో సీటు కావాలంటే ఆ ఫారం నింపాలి, తనిఖీ అధికారి ఇంటికొచ్చినప్పుడు పాప సొంతంగా ఒక్క మాటైనా పలకాలి.

'అయిదు పాటలు చాలు' అనే ఫారం మీద ఉంది. కానీ తల్లి రిజిస్ట్రేషన్ ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా గుమాస్తా. కాగితంలో ఖాళీ గడి కనిపిస్తే ఆమె వెంటనే కలం మూత తీస్తుంది. ఖాళీ వదిలితే ఎవడో ఒకడు వచ్చి ఏదో ఒకటి రాసిపోతాడని ఆమె అనుభవం. అందుకని ముప్పై ఒకటీ నింపేసింది. నిద్ర లేవడానికి, కుడి చెయ్యి గౌనులో దూర్చడానికి, ఎడమ చెయ్యి దూర్చడానికి (రాగం వేరు), తుమ్మాక, తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయాక.

ఆరు నెలల్లో ఇల్లు గాడిన పడింది. బస్సు డ్రైవరైన భర్త గుండీల పాట లేనిదే చొక్కా వేసుకోలేని స్థితికి వచ్చాడు. ఒకరోజు స్టాపులో పరధ్యానంగా 'ఎక్కుదాం ఎక్కుదాం' అని ఎత్తుకునేసరికి, ఎక్కినవాళ్ళు ఇద్దరు దిగిపోయారు.

అత్తగారికి మాత్రం ఒక అనుమానం ఉండిపోయింది.

"పిల్ల ఎప్పుడు మాట్లాడాలే అమ్మాయ్? దానికి వంతు రావద్దూ?"

మాటలకు కూడా పాట పెట్టానని, అది ముప్పయ్యో గడి అని కోడలు చూపించింది.

పళ్ళు తోమిన ఆ ఉదయమే పదింటికి తనిఖీ అధికారి వచ్చాడు. స్వాగత గీతం పూర్తయ్యేదాకా గుమ్మం బయటే నిలబడ్డాడు (నిబంధన). లోపలికొచ్చి, ఫారం చూసి, గడులన్నీ వేలితో లెక్కపెట్టాడు. తర్వాత దాన్ని తిరగేసి, వెనక పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు.

"అయిదే మీవమ్మా. మిగతా ఇరవై ఆరూ పాపవి."

"పాపవంటే?"

"ఖాళీగా వదలాలి. అప్పుడే కదా పిల్లలు ఏదో ఒకటి అనేది."

తల్లి ముఖం పాలిపోయింది. వెనక పేజీ చదవకుండా సంతకం పెట్టినవాళ్ళను ఆఫీసులో ఆమె ఎంతమందిని కసిరిందో లెక్క లేదు. అత్తగారు ఏమీ అనలేదు. అనకుండా అనడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి.

అధికారి మంచివాడే. ఒక్క నిమిషం మౌనం ఇస్తాననీ, ఆలోగా పాప 'ఊ' అన్నా మాట కిందే జమకట్టి సీటు రాసేస్తాననీ చెప్పి స్టాప్‌వాచీ నొక్కాడు.

ఆరు నెలల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి ఫ్యాను చప్పుడు వినిపించింది. పాప తల్లి నోటికేసి చూసింది. అక్కడి నుంచి ఏమీ రాలేదు. తండ్రి నోటికేసి చూసింది. అక్కడా అంతే. ముప్పై సెకన్లు. పాప తలెత్తి ఫ్యానును చూసింది. నలభై. బుల్లి పెదవులు కలిశాయి, విడిపోయాయి, గొంతులో ఏదో కదిలింది. అత్తగారు కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

కానీ నిమిషంలో ఇంకా పదిహేను సెకన్లు ఖాళీగా ఉన్నాయి. తల్లి ఓర్చుకోలేకపోయింది. 'మాట్లాడుదాం రా బుజ్జీ' అని ముప్పయ్యో గడి అందుకుంది. అలవాటుకొద్దీ భర్త బల్ల మీద తాళం వేశాడు.

పాప నోరు మూసుకుంది. మూడు చరణాలూ మర్యాదగా విన్నది.

అధికారి తన మార్కుల కాగితం తీసి మాటల గడిలో సున్నా చుట్టాడు. 'సొంతంగా నిర్ణయం తీసుకొనుట' అనే గడిలో కూడా చుట్టబోతుండగా, పాప తన బంతిని చంకలో పెట్టుకుని, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా, గడప దాటి బయటికి నడిచింది.

ఆ గడిలో పదికి పది పడ్డాయి.