కోళ్ల ఫారంలో బదరీనాథ్

ఆ పొద్దున గౌరయ్య వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పదింటికి గుండ్లపోచంపల్లిలో బస్సెక్కాలి. సాయంత్రం సికింద్రాబాద్‌లో యాత్రల కంపెనీ వాళ్ల వెంట ఢిల్లీ రైలెక్కాలి. బదరీనాథుణ్ణి దర్శించుకుని, గంగ నీళ్లు పట్టుకుని, పన్నెండో రోజుకు భార్యతో సహా ఇంటికి చేరాలి. ఎస్టీడీ బూతుల కాలం కాబట్టి హరిద్వార్ చేరగానే కొడుకు వీరేందర్‌కు ఫోన్ చేయాలి.

నిజానికి యాత్ర కోరిక గౌరయ్యది కాదు. ఆయనకు ఊళ్లో భూములు, షామీర్‌పేట చెరువు కింద వాగు పక్కన ఒక కోళ్ల ఫారం, పన్నెండు నెలలూ వదలని జలుబు ఉన్నాయి. తుమ్మితే వరసగా మూడు తుమ్ములు, మూడోది వీధి చివరికి వినపడేది. మంచు గురించి ఆయనకు ఫ్రిజ్ పైఅరలో ఉన్నంతవరకే తెలుసు. అంతకంటే తెలుసుకోవాలన్న ఆశ కూడా లేదు.

కోరిక ఆయన భార్య దుర్గాబాయిది. రెండేళ్ల కిందట పక్కింటి లక్ష్మీకాంతమ్మ సిద్దిపేటలో ఉండే తమ్ముడి కుటుంబంతో కలిసి కాశీకి వెళ్లివచ్చింది. మూతలు ఊడకుండా మాటు వేసి అతికించిన చిన్న చిన్న రాగి చెంబుల్లో గంగ తెచ్చి వాడకట్టంతా పంచింది. అప్పటి నుంచి ఆమె ఏ మాటైనా "మేం కాశీల ఉన్నప్పుడు" అనే మొదలుపెట్టేది. కూరలో ఉప్పు తక్కువైనా కాశీ వచ్చేది, కరెంటు పోయినా కాశీ వచ్చేది. దుర్గాబాయి అదంతా ఓర్చుకుంది.

ఓర్చుకోలేనిది వేరే ఉంది. అందరూ చెంబులను అలాగే దేవుడి గూట్లో పెట్టుకుంటే, దుర్గాబాయి మాత్రం కంటికి కనపడాలని మూత తీయించి గంగను గాజు సీసాలో పోసుకుంది. గంగ నీళ్లు ఎన్నేళ్లున్నా పాడు కావంటారు. ఆమె సీసాలో నెల తిరక్కుండా పచ్చగా పాచి పట్టింది. లోపం తనలోనే ఉందని, ఏ జన్మలోనో ఏదో చేశానని ఆమె కుమిలిపోయింది. సీసాను పాత చీరలో చుట్టి బీరువా అడుగున దాచింది. మొగుడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. తన చేతులతో గంగను ముంచి తెచ్చుకుంటే తప్ప ఈ దోషం పోదని నిశ్చయించుకుంది.

ఆ ఊళ్లో యాత్రకు పోయేవాళ్లను ఊరికే పంపరు. డప్పులు కొట్టి, దండలు వేసి, బస్సు దాకా సాగనంపుతారు. ఇంటికొకటి చొప్పున ఖాళీ చెంబు చేతిలో పెడతారు. అలా సాగనంపించుకున్న మనిషి గంగ తేకుండా గడప తొక్కితే ఇంటికి అరిష్టం, ఊరికి నవ్వులాట. అరిష్టాన్నయినా మరిచిపోతారు గానీ నవ్వులాటను మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. గౌరయ్య దంపతులకు ఇరవై ఏడు చెంబులు వచ్చాయి. లక్ష్మీకాంతమ్మ చెంబుతో పాటు తన ఎర్ర మంకీ క్యాప్ కూడా తెచ్చింది. చెవి దగ్గర చిరిగితే ఆకుపచ్చ ఊలుతో తానే కుట్టుకున్న టోపీ అది. దాన్ని నలుగురి ముందూ దుర్గాబాయి తలకు తొడిగింది.

"గా మంచు మన అసుంటోళ్లకు పట్టది చెల్లె. సగం తొవ్వల ఎనుకకు మర్రొచ్చేవు, జర పైలం," అంది.

అందరూ నవ్వారు. దుర్గాబాయి కూడా నవ్వింది కానీ బస్సెక్కగానే ఆ టోపీ తీసి సంచి అడుగున కుక్కింది.

సికింద్రాబాద్ స్టేషన్‌లో యాత్రల కంపెనీ మనిషి ఎదురొచ్చి చావు కబురు చల్లగా చెప్పాడు. కొండల్లో ఈసారి మంచు ముందే మొదలైందట, రోడ్డు మూసేశారట, అందరినీ వచ్చే వేసవిలో తీసుకువెళతారట. గౌరయ్య ముఖంలో సంతోషం కనపడకుండా తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఇంటికి పోయి వేడి వేడిగా పెసరట్టు తిందామన్నాడు. దుర్గాబాయి ట్రంకు పెట్టె మీద కూర్చుంది.

"డప్పులు ఇంక సల్లారలే. ఆ లక్ష్మీకాంతమ్మ ముందల నేనెట్ల నిలవడుత? గంగ తేకుండ నేను ఆ గడప తొక్క."

ఆ సాయంత్రానికి ఇద్దరూ షామీర్‌పేటలో తమ సొంత కోళ్ల ఫారానికి దొంగల్లా చేరారు. పన్నెండు రోజులూ అక్కడే గడపాలని దుర్గాబాయి తీర్మానం. ఫారం చూసుకునే కుర్మయ్య చేత ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. కుర్మయ్య అరవై ఏళ్ల మనిషి, పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడలేదు. అలాంటివాడికి రహస్యం అప్పజెప్పకూడదని ఆ తొందరలో ఎవరికీ తట్టలేదు.

మరి గంగ సంగతేమిటని గౌరయ్య అడిగాడు. అంత పెద్ద చెరువు ఎదురుగానే ఉంది కదా, చెంబులు ముంచితే అయిపోతుంది కదా అన్నాడు. దుర్గాబాయి ఆయనను ఎగాదిగా చూసింది.

"దేవుని పేరు జెప్పి చెరువు నీళ్లు పంచుతరా ఎవలన్న? కండ్లు పోతయ్. పన్నెండు దినాలల్ల దేవుడే ఏదన్న దారి సూపిస్తడు."

యాత్ర ఆగినా నియమం ఆగకూడదని ఆమె కంపెనీ వాళ్లు ఇచ్చిన కార్యక్రమం కాగితాన్ని దాణా గోదాం గోడకు అంటించింది. కాగితంలో హరిద్వార్ అని ఉన్న రోజున గౌరయ్య తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేశాడు. రిషీకేశ్ అని ఉన్న రోజున వంతెనకు బదులు పైపు మీదుగా కాలవ దాటాడు. యాత్రలో నీచు తగలకూడదు కాబట్టి చుట్టూ ఐదువేల కోళ్లు గుడ్లు పెడుతుంటే ఆయన మూడు పూటలా పప్పన్నం తిన్నాడు. దానికి తోడు దసరా వెళ్లినా పోని వాన రెండో రోజు నుంచి పట్టుకుంది. సముద్రంలో వాయుగుండమని రేడియో చెప్పింది. గౌరయ్యకు స్వెటరు వేసుకోవడానికి న్యాయమైన కారణం దొరికింది.

నాలుగో రోజు ఆయన గొడుగు పట్టుకుని షామీర్‌పేట బూతుకు వెళ్లి కొడుక్కి ఫోన్ చేశాడు. హరిద్వార్ చేరామన్నాడు. బూతు రేకుల మీద వాన దంచికొడుతోంది.

"గా సప్పుడేంది నాయినా?" అన్నాడు వీరేందర్.

"గంగ," అన్నాడు గౌరయ్య.

అక్కడ పెట్టేస్తే సరిపోయేది. కానీ మొదటి అబద్ధం అంత సులువుగా అతికేసరికి ఆయనకు హుషారు వచ్చింది. మోకాళ్ల లోతు మంచులో నడుస్తున్నామన్నాడు. గాలికి మనుషులు ఎగిరిపోతున్నారన్నాడు. ముందు దారీ మూసుకుపోయింది, వెనక దారీ మూసుకుపోయిందన్నాడు. హరిద్వార్‌లో అంత మంచు పడదని తండ్రికీ తెలియదు, కొడుక్కీ తెలియదు. చివరకు కొడుకును ఊరడిద్దామని "మీ అమ్మ గంత మంచుల గూడ..." అని మొదలుపెట్టాడు. మంచిగనే ఉన్నదని పూర్తి చేసేలోగా బయట ఈదురుగాలికి చెట్టుకొమ్మ విరిగి తీగ మీద పడింది. లైను పోయింది. ఊరికి పోయే లైన్లన్నీ పోయాయి.

గుండ్లపోచంపల్లికి చేరింది సగం మాటే. మిగతా సగాన్ని ఊరు తన శక్తికొద్దీ పూరించుకుంది. సాయంత్రం వార్తల్లో బదరీ దారిలో మంచు తుఫాను అని చెప్పారు. యాత్రల కంపెనీ ఆఫీసుకు తాళం వేసి ఉంటే వీరేందర్ మేడ్చల్ మండలాఫీసుకు పరుగెత్తాడు, అక్కడి నుంచి కలెక్టరాఫీసుకు అర్జీ పట్టుకుపోయాడు. మర్నాడు పేపర్లో గౌరయ్య, దుర్గాబాయిల పెళ్లినాటి ఫోటో వేసి, మంచులో చిక్కుకున్న దంపతులని రాశారు. ఢిల్లీ దాకా పోయి వెతకడానికి వీరేందర్ సూటుకేసు సర్దుకున్నాడు.

ఇవన్నీ దాణా కోసం మేడ్చల్ పోయిన కుర్మయ్య పేపరుతో సహా మోసుకొచ్చాడు. లక్ష్మీకాంతమ్మ గౌరయ్య ఇంట్లోనే భజన పెట్టించిందని, నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదని, నా పాడు నోరు తగిలిందని ఏడుస్తోందని చెప్పాడు.

"నిజంగనే ఏడ్సిందా?" అంది దుర్గాబాయి. కుర్మయ్య చేత ఆ సంగతి మూడుసార్లు చెప్పించుకుంది. మొదటిసారి ఆమె కళ్లు మెరిశాయి. మూడోసారికి ముఖం చిన్నబోయింది. తన కోసం అన్నం మానేసిన మనిషి మీద గెలిచి ఏం లాభమని ఆమెకు దుఃఖం వచ్చింది. గౌరయ్య మళ్లీ బూతుకు వెళ్లాడు. తీగ ఇంకా నేల మీదే ఉంది.

ఆరో రోజు తెల్లవారేసరికి చెరువు నిండి మత్తడి మీంచి నీళ్లు దూకాయి. వాగు ఒడ్డు కోసుకుని ఫారంలోకి వచ్చింది. కుర్మయ్య మంచి పనివాడు, మబ్బు చూసి ముందు రోజే కోళ్లన్నిటినీ ఎత్తు మీది షెడ్డుకు మార్చాడు. యజమానులను కూడా మార్చాలని మాత్రం ఎవరికీ తోచలేదు. కుర్మయ్య కోళ్లను చూసి వచ్చేలోపు నడుములోతు నీళ్లు అడ్డం వచ్చాయి. భార్యాభర్తలు స్వెటర్లు, మంకీ క్యాపులతో దాణా గోదాం స్లాబు ఎక్కి కూర్చున్నారు. దుర్గాబాయి ఇరవై ఏడు చెంబులనూ గోనెసంచిలో వేసుకుని మరీ ఎక్కింది.

కుర్మయ్య దొరికిన లారీ ఎక్కి ఊరికి వెళ్లి వీరేందర్ ముందు నిలబడ్డాడు. ఫారం మునిగిందని, గోదాం మీద ఇద్దరు మనుషులు ఉన్నారని చెప్పాడు.

"ఎవలు?"

"చెప్పనని ఒట్టేసిన పటేలా. అడగకు."

వీరేందర్‌కు వెంటనే అర్థమైంది. కోళ్ల దొంగలు. వరదలో పడి దొంగతనానికి వచ్చి చిక్కుకున్నారు, ఈ ముసలాడిని బెదిరించి ఒట్టు వేయించుకున్నారు. దొంగలైనా మనుషులే కదా అని, ముందు కాపాడి తర్వాత తన్నుదామని, ట్రాక్టరు మీద ట్యూబులూ తాళ్లూ వేసుకుని బయలుదేరాడు. ముప్పై మంది వెంట వచ్చారు. భజనలో ఏడ్చి ఏడ్చి ఉన్న లక్ష్మీకాంతమ్మ కూడా ట్రాక్టరెక్కింది.

వాన తెరిపి ఇచ్చింది కానీ గాలి తగ్గలేదు. ఒడ్డు నుంచి చూస్తే గోదాం మీద ఇద్దరు. కళ్లు తప్ప ముఖాలు కనపడకుండా కట్టుకున్నారు, పక్కన నిండు మూట. ఇంతకంటే రుజువు ఏం కావాలని ఊరివాళ్లు అనుకున్నారు. అక్కడ దుర్గాబాయి మొగుడి చేయి గట్టిగా పట్టుకుని, ప్రాణం పోయినా టోపీ తీయొద్దని చెప్పింది. వీరేందర్ ట్యూబు మీద తాడు పట్టుకుని గోదాం దగ్గరికి వచ్చాడు.

"దిగుర్రి. మీ సంగతి ఒడ్డు మీద సూస్త," అన్నాడు.

పొడుగు దొంగ తలవంచుకున్నాడు. తర్వాత తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. మూడోది చెరువు అవతలికి వినపడింది. వీరేందర్ చేతిలోని తాడు జారింది.

"నాయినా?"

ఒడ్డుకు చేర్చాక ముప్పై మందీ చుట్టూ మూగారు. లక్ష్మీకాంతమ్మ నెమ్మదిగా నడిచొచ్చి పొట్టి దొంగ చెవి దగ్గరి ఆకుపచ్చ ఊలు అతుకును వేలితో తడిమి చూసింది. ఇక దాచడానికి దుర్గాబాయి దగ్గర ఏమీ మిగల్లేదు. టోపీ తీసేసి, లక్ష్మీకాంతమ్మ భుజం మీద పడి ఏడ్చింది.

"నువ్విచ్చిన గంగ నా ఇంట్ల పాచి వట్టిందక్కా. అందరిండ్లల్ల మంచిగున్నది, నా ఇంట్లనే పాచి వట్టింది. అందుకే నేనే తెచ్చుకుందామనుకున్న. దేవుడు దారి గూడ ఇయ్యలే."

లక్ష్మీకాంతమ్మ ముఖం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, చెల్లెలి చేయి పట్టుకుని ట్రాక్టరు వెనక్కి తీసుకుపోయింది. చాలాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నీ పాపం గాదు చెల్లె. నేను కాశీ వోలే. మేం వోయేసరికి రైలెళ్లిపోయింది. డప్పులు కొట్టి పంపిండ్రు గదా, ఎట్ల మర్రొస్త? సిద్దిపేటల మా తమ్మునింట్ల పది రోజులున్న."

"మరి గంగ?"

లక్ష్మీకాంతమ్మ గడ్డంతో వరద వైపు చూపించింది.

"గిదే. మాట్లు మేడ్చల్ స్టేషన్ కాడ ఏయించిన."

దుర్గాబాయి ఆమెను కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చేయి కిందికి దిగేలోపే ఆమెకు నవ్వు వచ్చింది. రెండేళ్లుగా గుండెల మీద ఉన్న బరువు ఒక్కసారిగా దిగిపోయి, ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. ట్రాక్టరు అవతల ఉన్నవాళ్లు పాపం మతి చలించిందనుకున్నారు.

ఇద్దరూ ఇవతలికి వచ్చారు. లక్ష్మీకాంతమ్మ కొంగు నడుముకు చుట్టి, గొంతు సవరించుకుంది.

"మేం కాశీల ఉన్నప్పుడు పండితులు చెప్పిండ్రు. మంచు అడ్డం వడి యాత్ర ఆగితే, అన్న దినాలు నిండేదాక గడప తొక్కకుండ ఊరవతల ఉండాలె. గట్లున్నోళ్లకు సగం పుణ్యం. వీళ్లు పద్ధతి దప్పలే."

కాశీకి వెళ్లివచ్చిన మనిషి ఆ ఊళ్లో ఇంకొకరు లేరు కాబట్టి ఎదురు చెప్పేవాళ్లూ లేరు. మిగిలిన ఆరు రోజులు గౌరయ్య దంపతులను ఊరి చివర బడి గదిలో ఉంచి, రోజుకొక ఇంటి నుంచి అన్నం పంపారు. మొదటి రోజే గౌరయ్య కుర్మయ్యను పిలిచి, సగం పుణ్యం ఉన్నవాళ్లు గుడ్డు తినొచ్చా అని రహస్యంగా అడిగించాడు. తినకూడదని లక్ష్మీకాంతమ్మ ఇంటి నుంచి జవాబు వచ్చింది.

మరుసటి వేసవిలో మంచు కరిగి దారి తెరిచారు. ఇరవై ఏడు చెంబులతో ఈసారి దుర్గాబాయి, లక్ష్మీకాంతమ్మ ఊళ్లో ఇంకొందరితో కలిసి బయలుదేరారు. వాళ్లు రైలెక్కి, రైలు కదిలేదాకా వీరేందర్ ప్లాట్‌ఫారం మీదే నిలబడి చూశాడు. గంగ ఒడ్డున మాత్రం వెంట వచ్చినవాళ్లంతా, ఇదివరకు చూసివచ్చిన మనిషి కదా అని, ఎక్కడ మునగాలో లక్ష్మీకాంతమ్మనే అడిగారు.