జోర్వియా వారి పదో ఇల్లు

“అబద్ధం మాత్రం నేను చెప్పను బాబూ,” అంది జీవమ్మ మూడోసారి, బెండకాయల ముచ్చికలు కోస్తూ.

“చెప్పక్కర్లేదు అత్తయ్యగారూ. ఆవిడ అడిగినప్పుడు ఊరికే తలూపండి, చాలు.”

“ఊపినా అబద్ధమే.”

ఆదివారం పొద్దున్న డ్యూటీకి బయల్దేరాల్సిన షాలేమ్ ఒక కాలికే బూటు తొడుక్కుని బహ్రెయిన్ దేశపు ముహర్రక్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో అత్తగారి ముందు నిలబడి ఉన్నాడు. లోపల పాపకి జడ వేస్తున్న మెర్సీ అందుకుంది. “అసలు మా అమ్మ పేరెందుకిచ్చారు? మీ పేరు ఇచ్చుకోలేకపోయారా?”

“పొద్దస్తమానం మేనేజరు కారు తోలేవాణ్ణి, రోజుకి నాలుగు గంటలు టీవీ చూస్తానంటే ఆయనే నమ్మడు!”

షాలేమ్ పనిచేసేది సీఫ్‌లో, జోర్వియా ఛానల్ ఆఫీసులో. ఇరవై నాలుగు గంటలూ ఆకాశనౌకలనూ గ్రహాంతరవాసులనూ చూపించే ఆ ఛానల్ నలభై ఒక్క దేశాల్లో పాతుకుపోయి, నలభై రెండోదిగా బహ్రెయిన్‌కి వచ్చింది. ఎక్కడ చూసినా అదే ఊదారంగు బోర్డు, అదే నినాదం: ‘ఊహకు హద్దుల్లేవు.’ వచ్చిన ఏడాదిలోగా, రోజుకు నాలుగు గంటలు తమ ఛానల్ చూసే పది ఇళ్లను చూపించాలన్నది ప్రధాన కార్యాలయం నియమం. మేనేజరుకి తొమ్మిది దొరికాయి. అందులో రెండు ఆయన బావమరుదులవి. పదోది నువ్వు చూడమని కారెక్కుతూ షాలేమ్‌కి చెప్పాడు. షాలేమ్ వీసా రెన్యువల్ కాగితాలు ఆయన సొరుగులోనే ఉన్నాయి. అది పోతే ఉద్యోగమే కాదు, మెర్సీ, పాప కూడా సామాను సర్దుకోవలసిందే.

షాలేమ్ బాగా ఆలోచించే అత్తగారి పేరు రాశాడు. విజిట్ వీసా మీద వచ్చిన మనిషి, నెలలో వెళ్లిపోతుంది. వెళ్లిపోయినవాళ్లను వెతుక్కుంటూ ఎవరొస్తారు? కానీ ప్రధాన కార్యాలయం నుంచి ఒక దొరసాని శుక్రవారమే వస్తోంది, అదీ పదో ఇల్లు చూస్తానంటూ.

జీవమ్మ కత్తి పక్కన పెట్టింది. “అబద్ధం కాకుండా ఉండాలంటే ఒకటే దారి బాబూ. ఇవాళ్టి నించి రోజుకి నాలుగు గంటలు చూస్తాను. పెట్టండి.”

ఆ మాట విని షాలేమ్ రెండో బూటు తొడుక్కున్నాడు. అతని సంతోషం సాయంత్రం దాకానే నిలిచింది. జీవమ్మకి మాటంటే మాటే. గడియారం చూసి కూర్చునేది, గడియారం చూసి లేచేది. పాపకి బొమ్మల ఛానల్ పోయింది. మెర్సీకి వంటింట్లో సాయం పోయింది. మధ్యలో కూర మాడితే ఆ పది నిమిషాలు లెక్కగట్టి చివర్లో కలిపేది. బుధవారం నాటికి ఇంట్లో మూడు పూటలా గుడ్లట్టే.

శుక్రవారం వచ్చింది. బహ్రెయిన్‌లో తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధనకి కూడేది సెలవు రోజైన ఆ శుక్రవారమే. పాటలు నడిపించే మెర్సీ దొరసానికీ అమ్మకీ మధ్య మాట అందించాలి కాబట్టి ‘ఈ రోజు రాలేము’ అని గ్రూపులో మెసేజి పెట్టింది. ఒంట్లో బాలేదని రాస్తే అబద్ధమవుతుందని జీవమ్మ కారణం రాయనివ్వలేదు.

పదకొండింటికి రావలసిన దొరసాని పన్నెండున్నరకి మేనేజరుతో వచ్చింది. సోఫాలో కూర్చుని, ఛానల్లో ఏం నచ్చిందో చెప్పమంది.

“ఆ ఓడలో అందరూ ఒకే రంగు బట్టలేసుకుని తిరుగుతారు. కిటికీ తియ్యరు. గాలి మిషన్లోంచి వస్తది. పక్క గదిలో ఎవరున్నారో ఎవరికీ తెలీదు,” అంది జీవమ్మ. “ఇక్కడ మేమూ అంతేగా. ఇందులో వింతేముందో కనుక్కో అమ్మా.”

మెర్సీ భయపడుతూనే ఉన్నదున్నట్టు చెప్పింది. మేనేజరు షాలేమ్ వైపు చూసిన చూపులో సొరుగు మూసుకున్న చప్పుడు వినబడింది. దొరసాని మాత్రం ‘స్థానిక జీవితంతో గాఢమైన అనుబంధం’ అని రాసుకుంది.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో పాస్టరు జీవరాజుగారు, ఆయన వెనక మెట్ల మీద పద్దెనిమిది మంది. చేతుల్లో యాపిల్స్, గ్లూకోజు బిస్కెట్లు, ఒక హార్లిక్స్ సీసా. మెర్సీ ఆరాధనకి రాలేదంటే, పైగా కారణం చెప్పలేదంటే, ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని సంఘం తీర్మానించుకుంది.

జీవరాజుగారు లోపలికి తొంగిచూశారు. సోఫాలో పెద్దావిడ, ఆమె పక్కన బ్యాగుతో ఒక తెల్లావిడ. కచ్చితంగా డాక్టరే! టీవీలో ఒంటికన్ను జీవి ఏదో మెలికలు తిరుగుతోంది.

“అయ్యో సిస్టర్, ఇంతదాకా వచ్చిందా! ఏమీ చెప్పొద్దు. అందరం కళ్లు మూసుకుందాం!”

“అయ్యగారూ, అది కాదండీ...” అని షాలేమ్ అంటుండగానే పద్దెనిమిది మందీ మోకరించారు. ఆ గదిలో ఖాళీ ఉన్నది టీవీ ముందే. కాబట్టి అందరి ముఖాలూ ఒంటికన్ను జీవి వైపే తిరిగాయి. “ఈ ఇంటిని పట్టిన పీడ వదిలించు తండ్రీ!” అని జీవరాజుగారు ఎలుగెత్తారు. ఇంటి మీదుగా విమానం పోయేదాకా కాస్త ఆగి, మళ్లీ అందుకున్నారు.

దొరసాని చెమ్మగిల్లిన కళ్లతో మెర్సీ చెవిలో అడిగింది. మెర్సీ తల్లిని అడిగింది. “ఎప్పుడూ ఇంతమందీ ఇలాగే కలుస్తారా అంటోందమ్మా.”

“శుక్రవారం శుక్రవారం కలుస్తాం. అది నిజమేగా.”

దొరసాని ఫోటో తీసింది.

మరుసటి ఆదివారానికి ఆ ఫోటో ఊదారంగు అంచుతో నలభై రెండు దేశాలకూ వెళ్లింది. ఇకపై ప్రతి దేశంలో, శుక్రవారం కార్యక్రమానికి ముందు ప్రేక్షకులు రెండు నిమిషాలు కళ్లు మూసుకోవాలని ఉత్తర్వు కూడా వచ్చింది. మేనేజరు సొరుగు తెరిచి రెన్యువల్ కాగితాల మీద సంతకం పెట్టాడు. పదో ఇంటి పెద్దావిడ వీసా మూడు నెలలు పొడిగించే ఖర్చు కంపెనీదేనని, ఆమె ఇష్టమైతేనేనని చెప్పాడు.

సాయంత్రం టీ దగ్గర షాలేమ్ ఆ సంగతి చెప్పి, “మీకు ఇంటి మీద బెంగగా ఉంటుంది. వద్దనేస్తే ఏమీ అనుకోరు లెండి,” అని ఆశగా చూశాడు.

జీవమ్మ కప్పు కింద పెట్టి, కూతుర్నీ అల్లుణ్ణీ మనవరాల్నీ ఒకసారి చూసి, మెల్లగా చెప్పింది. “టికెట్టు రద్దు చేసెయ్యండి బాబూ. ఆ సీరియల్లో ఆకుపచ్చ పిల్ల వాళ్లమ్మ దగ్గరికి చేరేదాకా నేను కదల్ను.”

ఆ సీరియల్ మొత్తం పధ్నాలుగు సీజన్లని, తాము ఇంకా రెండోదాంట్లోనే ఉన్నామని షాలేమ్ ఎవరికీ చెప్పలేదు.