ముప్పైనాలుగో వరసలో జారిన కుట్టు

ఆ ఉదయం సిస్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా అల్లికల గదికి వెళ్ళాలి, తలుపు పక్కనున్న వెదురుబుట్ట ఖాళీ చెయ్యాలి, పదకొండింటికి టీ తాగాలి. అంతే. ఇంత చిన్న పథకంలోంచి కూడా తొమ్మిది రోజుల నరకం పుట్టుకొస్తుందని ఎవరనుకుంటారు?

ఆమె ముప్పై ఆరేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. రోజూ నలభై మంచాల మధ్య తిరిగిన కాళ్ళకి ఒక్కసారిగా రెండు గదుల ఇల్లు మిగిలింది. మొదటి నెలంతా అడగకుండానే ఇరుగుపొరుగుకి బీపీ చూసింది. రెండో నెలలో వాళ్ళు తలుపు తియ్యడం మానేశారు. మూడో నెలలో ఈ అల్లికల సంఘం దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే గోడలతో మాట్లాడుతూ ఉండేది. ఈ సంఘం కూడా పోతే తనకి పొద్దున్నే లేవడానికి కారణమే ఉండదని ఆమెకి బాగా తెలుసు.

సంఘం ఉండేది ఆసుపత్రి వెనక, ఒకప్పటి లాండ్రీ గదిలో. రిటైరైనవాళ్ళు అక్కడ చేరి టోపీలూ స్వెటర్లూ అల్లుతారు. ఇంకో బల్ల దగ్గర గోనెపట్టా మీద కొక్కెంతో ఊలుపోగులు పైకి లాగుతూ చిన్న చిన్న తివాచీలు చేస్తారు. టోపీలు పురిటి వార్డుకి, తివాచీలు ముసలివాళ్ళ వార్డుకి. కిందటేడు ఈ గదిలో పదకొండు కుర్చీలుండేవి, ఇప్పుడు ఏడున్నాయి. సంఘం మానేసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఊళ్ళోవాళ్ళు తెచ్చిచ్చే పాత ఊలుబట్టలు వెదురుబుట్టలో పడతాయి. వాటిని విప్పి, ఊలు కడిగి, ఉండలు చుట్టి మళ్ళీ వాడతారు. విప్పాలంటే మిగతావాళ్ళకి చెయ్యాడదు. ఎవరో కళ్ళు పొడుచుకుని కూచుని అల్లారే అని నిట్టూరుస్తారు. సిస్టరుగారికి అలాంటి మొహమాటాలు లేవు. "కట్టు మెల్లగా విప్పితేనే నొప్పి ఎక్కువ. ఒక్క లాగు లాగెయ్యాలి," అంటుంది. ఆ విషయంలో ఆమెకి వీధి చివరిదాకా పేరుంది.

ఆ రోజు బుట్ట మీద పావురం రంగు స్వెటరు ఒకటి కనిపించింది. దానికి ఒక చెయ్యి లేదు. ఉన్న చేతిలో వరసకో తప్పు. "ఏ దిక్కుమాలిన చెయ్యి అల్లిందో!" అనుకుంది సిస్టరుగారు. అతుకులు కత్తిరించి పోగు పట్టుకుని లాగింది. అరగంటలో స్వెటరు లేదు. ఊలు కడిగి, ఆ గదిలో మిగిలిపోయిన లాండ్రీనాటి పాత యంత్రంలో ఆరబెట్టి, ఆరు ఉండలు చుట్టింది. రెండు ఉండలు సంఘం ప్రెసిడెంటుకి, బడిలో రిటైరైన టీచరుగారికిచ్చింది. ఆవిడ వెంటనే టోపీ మొదలుపెట్టింది. ఒకటి పోస్టాఫీసులో రిటైరైన పిన్నిగారికిచ్చింది. ఆవిడ తన తివాచీ మీది పిల్లికి దాంతో తోక పెట్టేసింది.

పదకొండింటికి టీతోపాటు వాచ్‌మన్ వచ్చాడు.

"పొద్దున్న తాళాల మేస్త్రిగారొచ్చారండీ," అన్నాడు. "పోయినేడు భార్య పోయింది చూడండి, ఆయనే. ఆవిడ ఆఖరుగా అల్లిన స్వెటరట. ఒక చెయ్యి మిగిలిపోయిందట. మీవాళ్ళకిచ్చెయ్యి నాయనా అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. బల్ల మీద చోటు లేకపోతే బుట్ట మీద పెట్టాను. చూశారా?"

 సిస్టరుగారు తాగని టీ బల్ల మీద పెట్టేసింది.

"అయ్యో రామా! మిగిలిన చెయ్యి పూర్తి చేసి పెడతామని మనకిచ్చాడు కాబోలు," అంది టీచరుగారు, చేతిలో సగం టోపీని పాముని చూసినట్టు చూస్తూ.

"నేనెళ్ళి చెప్పేస్తాను," అంది సిస్టరుగారు. "ముప్పై ఆరేళ్ళలో ఎన్ని చావుకబుర్లు చెప్పలేదు? ఇదొక లెక్కా?"

"ఏమని చెప్తారు సిస్టరమ్మా?" అంది పిన్నిగారు. "మీ ఆవిడ పోయినేడు ఒకసారి పోయింది, ఈ ఉదయం రెండోసారి మేం చంపేశాం అని చెప్తారా?"

సిస్టరుగారు లేచినదల్లా మళ్ళీ కూచుంది. ఇంతలో వాచ్‌మన్ సంఘానికొచ్చే ప్రతి వస్తువుకీ ఫోటో తీస్తాడన్న సంగతి ఎవరికో గుర్తొచ్చింది. ఫోన్లో స్వెటరు ఉంది. ముందువైపు స్పష్టంగా, ఆ ఒక్క చెయ్యి మరీ స్పష్టంగా.

"ఊలు ఆవిడదే, ఫోటో ఉంది, ఏడుగురం ఉన్నాం," అంది టీచరుగారు. "మళ్ళీ అల్లేద్దాం. మూడో కంటికి తెలియకూడదు."

అప్పుడే ఆపితే బాగుండేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా? కానీ తొక్కినవాళ్ళు కడుక్కోకుండా మరింత లోతుకి దిగడమే లోకంలో జరిగేది.

పిన్నిగారు పళ్ళు కొరుకుతూ పిల్లి తోక పీకేసింది. టోపీ విప్పేశారు. అసలు తంటా అప్పుడు మొదలైంది. మేస్త్రిగారి భార్య ఆ చెయ్యి అల్లింది మంచం మీద, మందుల మత్తులో, వణికే వేళ్ళతో. ఆ తప్పులన్నీ ఉంటేనే అది ఆవిడ అల్లిక. టీచరుగారు ఫోటో పెద్దది చేసి, తప్పులన్నీ కాగితం మీద రాసింది. పన్నెండో వరసలో రెండు కుట్లు ఎక్కువ. పంతొమ్మిదిలో కుట్లన్నీ తిరగబడ్డాయి. ముప్పైనాలుగులో ఒక కుట్టు జారింది. ముందువైపూ వీపూ మిగతావాళ్ళు పంచుకున్నారు.

తప్పు కావాలని చెయ్యడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది వాళ్ళకి. టీచరుగారు మూడుసార్లు మొదలుపెట్టింది, మూడుసార్లూ వేళ్ళు వాటంతటవే దిద్దేసుకున్నాయి. పిన్నిగారి తప్పులు కూడా ముచ్చటగా, వరసగా వచ్చాయి.

"ఇది తప్పులా లేదు, డిజైన్‌లా ఉంది," అంది టీచరుగారు. తరవాత అందరి కళ్ళూ మూల కుర్చీ మీదికి తిరిగాయి. అక్కడ డ్రైవరుబాబాయి ఉన్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన ఆయన ఆర్నెల్ల కిందటే సూదులు పట్టాడు. ఇంతవరకు ఆయన అల్లిన ఒక్క టోపీ కూడా ఏ పిల్లాడి తలకీ పట్టలేదు.

"తమ్ముడూ, ఆ చెయ్యి నువ్వల్లు," అంది టీచరుగారు.

"నేనా? నాకు రాదు కదా అక్కయ్యా!"

"అందుకే. నువ్వేం ఆలోచించకు. మామూలుగా అల్లు."

డ్రైవరుబాబాయి మొహం మాడిపోయింది. అయినా కూచున్నాడు. కాగితం పక్కన పెట్టుకుని, చెమటలు కక్కుతూ, ఉన్న తప్పులన్నీ చేశాడు. ముప్పైనాలుగో వరసలో మాత్రం కాగితం చూడక్కర్లేకుండానే కుట్టు దానంతటదే జారింది.

మూడో రోజు గేటు దగ్గర టీచరుగారికి మేస్త్రిగారు ఎదురుపడ్డాడు. 

"మీ స్వెటరు పని..." అని నసిగింది.

"తొందరేం లేదమ్మా," అన్నాడాయన తల దించుకుని. "నేను దాన్ని మళ్ళీ చూడలేను. ఆ పని కానిచ్చేసి నాకొక్క మాట చెప్పండి, చాలు."

టీచరుగారు కళ్ళొత్తుకుంటూ వచ్చింది. "పాపం, సగం సగంగా చూడలేడట! నిండుగా చేసిస్తేనే తీసుకుంటాడు," అంది. దాంతో లేని రెండో చెయ్యి కూడా అల్లే బాధ్యత నెత్తిన పడింది. అదే రంగు ఊలు కొనుక్కొచ్చి అది టీచరుగారే అల్లింది. కుట్టుకి కుట్టు అద్దినట్టొచ్చింది. ఆ తొమ్మిది రోజులూ పురిటి వార్డుకి ఒక్క టోపీ వెళ్ళలేదు. సిస్టరుగారికి రాత్రి నిద్ర లేదు, పగలు తిండి లేదు. ఎవరు దగ్గినా తననే తిడుతున్నారనిపించేది.

తొమ్మిదో రోజుకి స్వెటరు పూర్తయింది. టీచరుగారు ఫోన్ చేసి, వద్దంటున్నా బలవంతంగా మేస్త్రిగారిని రప్పించింది. ఏడుగురూ వరసగా నిలబడ్డారు. స్వెటరు మడతపెట్టి ఆయన చేతిలో పెట్టారు.

ఆయన మడత తీసి చూశాడు. రెండో చెయ్యి తడిమి తలెత్తాడు.

"ఇదేంటమ్మా," అన్నాడు. "దీన్ని విప్పెయ్యమని కదా నేనిచ్చింది?"

టీచరుగారు సిస్టరుగారివైపు తిరిగింది.

"పోయే ముందు మా ఆవిడ అదే చెప్పింది. దీన్ని దాచుకుని ఏడుస్తూ కూచోవద్దు, విప్పేసి ఆ ఊలు ఎవరికైనా పనికొచ్చేలా ఇచ్చెయ్యమంది. ఎన్ని తాళాలు విప్పానో నేను! ఏడాదిగా రోజూ ఈ పోగు పట్టుకుంటాను, లాగలేను. ఇక్కడ ఒకావిడ వెనకాముందూ చూడకుండా లాగేస్తుందని ఎవరో చెబితే తెచ్చాను. వాచ్‌మన్‌తో విప్పమని అనబోతే ఆ మాటే నోట్లోంచి రాలేదు. ఇప్పుడు మీరు దీన్ని పూర్తి చేసి మళ్ళీ నా చేతిలో పెట్టారు."

 మొదటి రోజు మొదటి అరగంటలోనే సిస్టరుగారు చేసిన పని నూటికి నూరుపాళ్ళు సరైనది. తరవాత తొమ్మిది రోజులు ఏడుగురూ కలిసి దాన్ని చెడగొట్టారు.

"ఆవిడ మీరేనా?" అని ఆయన ఆమెవైపు తిరిగాడు. "నా ముందే లాగెయ్యండమ్మా. ఈసారి చూస్తాను."

"మేస్త్రిగారూ, అసలు ఇది..." అని సిస్టరుగారు నోరు తెరిచింది. నిజం చెప్పెయ్యాలనే తెరిచింది. కానీ ఆయన బొటనవేలు అప్పటికే స్వెటరు చేతి మీద ముప్పైనాలుగో వరసకి చేరింది.

"ఇదిగో, ఈ కుట్టు జారినప్పుడు నేను పక్కనే ఉన్నాను," అన్నాడు. "సరిచేసుకోమంటే ఒప్పుకోలేదు. ఉండనివ్వండి, నేనే అల్లానని గుర్తుంటుంది, అని నవ్వింది."

సిస్టరుగారు నోరు మూసుకుంది. మరణవార్త చెప్పడానికి ఏనాడూ తడబడని ఆ నోటికి ఆ ఒక్క నిజం చెప్పే ధైర్యం లేకపోయింది. ఆమె కుర్చీలో కూచుని అతుకులు కత్తిరించింది. ముందు టీచరుగారు అల్లిన చెయ్యి విప్పింది. తరవాత వీపు, తరవాత ఛాతీ. మేస్త్రిగారు ఎదురుగా కూచుని పోగు ఉండ చుట్టాడు. మధ్యమధ్య కళ్ళు తుడుచుకున్నాడు, కానీ చెయ్యి ఆపలేదు. ఆయన తేలికపడుతున్నాడని సిస్టరుగారికి అర్థమైంది. అది చూసి ఆమెకి సంతోషం వెయ్యలేదు, సిగ్గేసింది.

చివరికి తప్పుల చెయ్యి మిగిలింది. ఆమె పోగు పట్టుకుంది.

"ఆగండమ్మా!" అని ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇదొక్కటీ ఉంచెయ్యండి. మాట తప్పినట్టే అవుతుంది, అయినా సరే. ఆవిడ వేళ్ళు చివరిసారి ముట్టుకున్నది ఇదే."

దాన్ని మోచేతిదాకా తొడుక్కున్నాడు. చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండడుగుల దూరంలో డ్రైవరుబాబాయి తన లావుపాటి వేళ్ళు జేబుల్లో దాచుకుని, గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. మేస్త్రిగారు ఏడుగురికీ పేరుపేరునా దణ్ణం పెట్టి, ఊలుండలు బల్ల మీద వదిలేసి, ఆ చెయ్యి అలాగే తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆయన ఇంకెన్నేళ్ళు ఏడుస్తాడో ఆ గదిలో ఎవరికీ తెలియదు. అడిగే ముఖమూ ఎవరికీ లేదు.

టీచరుగారు బల్ల మీది ఊలుండలు ఒక్కొక్కటీ బుట్టలో వేసింది.

"తమ్ముడూ, నువ్వల్లినవాటిలో ఒక మనిషి ఇంటికి పట్టుకెళ్ళింది ఇదే మొదటిది."

మర్నాటి నుంచి డ్రైవరుబాబాయి తివాచీల బల్లకి మారిపోయాడు.