అధ్యక్షులవారి కూత

ఒక పెద్ద అడవిలో, అందులో ఒక హైస్కూలు కూడా ఉండేదంటే ఎంత పెద్దదో మీరే ఊహించుకోండి, ఆ హైస్కూలు ఆడపిల్లలకి ఒక కబడ్డీ జట్టు ఉండేది.

జట్టుకి కెప్టెన్ ముంగిస పిల్ల. పేరు నాగరత్నం. ముంగిసల ఇంట్లో పుట్టిన పిల్లకి ఆ పేరు పెట్టాలని ఎవరికి బుద్ధి పుట్టిందో గానీ, పిల్ల మాత్రం రత్నమే. కూతకి వెళ్ళిందంటే అవతలి జట్టుకి గాలి తగిలినట్టుండేది, అంతే. ఏమిటా అని చూసుకునేసరికి ముగ్గురు అవుట్.

బడి వెనక వాళ్ళకో ఎర్రమట్టి నేల ఉంది. పొద్దున్నే వచ్చి పిల్లలే రాళ్ళేరి, పిల్లలే నీళ్ళు చల్లి, పిల్లలే గీతలు గీసుకునేవారు. జట్టులో అందరికంటే చిన్నది ఉడుత పిల్ల. "ఇక్కడ పడితే మోకాలు చీరుకున్నా హాయిగానే ఉంటుందక్కా" అనేది.

ఆ హాయి మీద ఎవరి కన్ను పడిందో తెలీదు. అడవి సభవారు ఒకరోజు కూర్చుని, ఈ ఏడాది పోటీల్లో ఆడపిల్లలు కప్పు తెస్తే ఆ నేల వాళ్ళదే, తేకపోతే మగపిల్లల క్రికెట్టుకి ఇచ్చేస్తామని తేల్చారు. మగపిల్లలు ఇంతవరకూ ఏం తెచ్చారని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. నాకు అదే వింతగా ఉంటుంది.

పిల్లలు మాత్రం వింతపడుతూ కూర్చోలేదు. ఆడారు. కొండ మీది బడిని ఓడించారు, రేగుపొదల బడిని ఓడించారు, ఆ తరవాత ఎవరొస్తే వాళ్ళని ఓడించి ఫైనలుకి వచ్చారు.

ఫైనల్లో ఎదురుపడ్డది వాగు అవతలి బడి. వాళ్ళ కెప్టెన్ ముళ్ళపంది పిల్ల, పేరు సూదిమల్లి. ఆ పిల్లని పట్టుకోవచ్చు. పట్టుకున్నాక ఆ రోజంతా ఒళ్ళో ముళ్ళు తీసుకుంటూ కూర్చోవాలి.

ఇక్కడే హెడ్మాస్టరు నక్క తోకానందంగారికి గుబులు పట్టుకుంది. కప్పు వస్తే ఆయనకి ఉత్తమ ప్రధానోపాధ్యాయుడని శాలువా కప్పుతామన్నారు. ఆ శాలువాలో తను ఎలా ఉంటాడో వాగు నీళ్ళలో చూసుకుని అప్పటికే రెండు మూడుసార్లు మురిసిపోయాడు.

నాగరత్నాన్ని పిలిచి, "గెలుస్తారా అమ్మా?" అన్నాడు.

"ఆడితే గెలుస్తాం సార్."

"అదేనమ్మా నా భయం. ఆడితే ఓడిపోయే ప్రమాదం కూడా ఉంటుంది కదా!"

మీకో ఆచారం చెప్పాలి. ఆ అడవిలో ఏ కబడ్డీ ఫైనలైనా ముఖ్య అతిథి కూతతోనే మొదలవుతుంది. ముఖ్య అతిథి ఎప్పుడూ ఒకరే, సభాధ్యక్షులు ఎలుగుబంటి భల్లయ్యగారు. ఆయన మెళ్ళో దండతోనే గీత దాటి "కబడ్డీ కబడ్డీ" అంటూ లోపలికొస్తారు. ఏడుగురు పిల్లలూ ఆయన చెయ్యి తగలకుండానే "అవుట్ అండీ" అని నవ్వుతూ పడిపోతారు. అందరూ చప్పట్లు కొడతారు. ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చుని, ఆట మొదలవగానే పనుందని లేచి వెళ్ళిపోతారు. ఆ తరవాత అసలు ఆట.

తోకానందం సభకి వెళ్ళి, ఎంతో బాధపడుతున్నట్టు మొహం పెట్టి అడిగాడు.

"అయ్యా, ఎవరో చిన్నపిల్ల కూత లెక్కలోకి వస్తుంది. సాక్షాత్తూ అధ్యక్షులవారి కూత లెక్కలోకి రాదు. ఇది మర్యాదేనా?"

సభ ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ ఇంత అవమానం జరుగుతోందా! భల్లయ్యగారికైతే కళ్ళు చెమర్చాయి. అధ్యక్షులవారి కూత కూడా ఇక నుంచి లెక్కే అని అక్కడికక్కడే తీర్మానం చేసేశారు.

"ఏ జట్టు తరఫున కూతకి వెళ్ళమంటావయ్యా?" అన్నారు భల్లయ్యగారు.

"మా బడిలోనే కదండీ పోటీలు. మా తరఫునే న్యాయం."

ఫైనలు రోజు వచ్చింది. రిఫరీ గుడ్లగూబగారు. ఆయనకి పగలు కళ్ళు కనబడవు. అందుకే ఎవరి పక్షమూ చూడరని అడవిలో ఆయన మీద మహా నమ్మకం. విజిల్ ఊదారు.

భల్లయ్యగారు కూత మొదలుపెట్టారు. ఆయన ఊపిరి సామాన్యమైంది కాదు, పొద్దున మైకు పట్టుకుంటే మధ్యాహ్నానికి గానీ దింపని ఊపిరి. వాగు అవతలి పిల్లలు అలవాటుగా నవ్వుతూ పడిపోయారు. ఆయన తిరిగొచ్చారు. తోకానందం ఎగిరి గంతేసి మైకులో అరిచాడు.

"మన బడికి ఏడు పాయింట్లు!"

నవ్వుతూ పడ్డ పిల్లలు నవ్వు ఆపేసి లేచారు. నాగరత్నం తల దించుకుంది.

అవతలి బడి హెడ్మాస్టరు కొంగ. ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు ఆలోచించడం ఆయనకి అలవాటు. ఆలోచించి, మెల్లిగా వచ్చి అన్నాడు.

"ఆడపిల్లల ఆటలో తమరు దిగడం..."

"పదవికి ఆడా మగా ఏమిటయ్యా?" అన్నారు భల్లయ్యగారు.

"చిత్తం. పదవికి ఇవతలి గట్టూ అవతలి గట్టూ కూడా ఉండవు కదండీ? తమరు అడవి అంతటికీ అధ్యక్షులు. మరి మా తరఫున కూత?"

భల్లయ్యగారి మొహం వికసించింది. "నిజమే! నేను అందరివాణ్ణి!"

అటు తిరిగి కూతకొచ్చారు. ఈసారి నాగరత్నం జట్టు పడిపోవాల్సి వచ్చింది. ఏడుకి ఏడు. తోకానందం తోక కిందికి దిగింది.

"మళ్ళీ మా తరఫునండీ!" అన్నాడు నక్క.

"ఆ తరవాత మా తరఫునండీ!" అన్నాడు కొంగ.

భల్లయ్యగారికి అంతకంటే ఏం కావాలి? ఇటు పోతే అటువాళ్ళు పడతారు, అటు పోతే ఇటువాళ్ళు పడతారు. జట్టు మొత్తం అవుటైతే మళ్ళీ అందరూ లేచి లోపలికి రావాలన్నది ఆట నియమం. పిల్లలు పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు. చూస్తున్న జనం ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక కొడుతూనే ఉన్నారు. పాయింట్లు మాత్రం సమానం.

ఇద్దరి లెక్కా సరిపోయిన చోట ఆయన ఆగి తేనె తాగుతుంటే, గీతకి అటునుంచి సూదిమల్లి పిలిచింది.

"ఏమే నాగరత్నం, ఇదేనా మీ ఆట? నేను వాగు ఈదుకుంటూ వచ్చింది ఇక్కడ దొర్లడానికా?"

"మా సారు తెలివే ఇది. నా మీద అరవకు."

"సమానంగా ఆగిపోతే కప్పెవరికి?"

"ఎవరికీ కాదు. అధ్యక్షులవారే పట్టుకెళ్ళిపోతారట. కప్పు రాకపోతే మా నేల పోతుందే. రేపటి నుంచి అక్కడ మగపిల్లల క్రికెట్టు."

సూదిమల్లి కాసేపు ముళ్ళు సర్దుకుంది.

"ఆయన కూత లెక్కలోకి వస్తుందన్నారా లేదా?"

"అన్నారు."

"లెక్కలోకి వచ్చేదాన్ని పట్టుకుంటే, ఆ పట్టు కూడా లెక్కే కదే మొద్దూ?"

నాగరత్నం నోరు తెరిచింది. "ఆయన్నా? పట్టుకోవడమా? అయినా తేనె తాగాక ముందు మీ తరఫునే వస్తానన్నారుగా. మేం పట్టుకుంటే మీకే నష్టం."

"ఒక్క పాయింటే కదా. పోతే పోనీ, తరవాత నేను ఆడి తెచ్చుకుంటా. నాకు ఆట కావాలే!"

తేనె అయిపోయింది. భల్లయ్యగారు మూతి తుడుచుకుని కూత అందుకున్నారు. గీత దాటారు. జింక పిల్ల పడబోయింది. "పడొద్దు!" అంది నాగరత్నం. జింక పడలేదు. కుందేలు పడలేదు. భల్లయ్యగారికి ఇది కొత్త. పడని పిల్లల్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో తోచక కూత కూస్తూనే వెనక్కి ఒక అడుగు వేశారు.

ఆ అడుగు నేలకి ఆనేలోపు నాగరత్నం ఆయన మడమ పట్టేసింది.

"రండే!"

ఆరుగురూ ఒక్కసారిగా మీద పడ్డారు. జింక నడుం పట్టుకుంది, కుందేలు రెండో కాలు పట్టుకుంది, ఉడుత దొరికిన చెవి పట్టుకుని వేలాడింది. "అలాగే, వదలకండే!" అని అటువైపు నుంచి అరిచింది సూదిమల్లి. అడవిలో మొదటిసారి ఒక జట్టు తన తరఫు కూతగాడు పట్టుబడినందుకు ఎగిరెగిరి గంతులేసింది.

భల్లయ్యగారు గీత వైపు పాకారు. చెయ్యి చాపారు. గీత జానెడు దూరంలో ఉండగా కూత ఆగిపోయింది.

విజిల్.

"అవుట్!" అన్నారు గుడ్లగూబగారు.

"అయ్యో, ఆయన అధ్యక్షులవారండీ!" అని మొత్తుకున్నాడు తోకానందం.

"ఎవరైతే నాకేం కనబడుతుందయ్యా? కూత ఆగింది. వినబడింది. అవుట్."

గుంపంతా బిగుసుకుపోయింది. భల్లయ్యగారు లేచి నించున్నారు. దండ తెగిపోయింది, మూతి నిండా ఎర్రమట్టి. మీద పడ్డ పిల్లల్ని ఒక్కొక్కరినే చూశారు. ఉడుత ఇంకా చెవి వదల్లేదు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నారు చివరికి.

నాగరత్నం గీత బయటికి చెయ్యి చూపింది. "గీత బయట కూర్చోవాలండీ. అవుటైనవాళ్ళు అక్కడ కూర్చుంటారు."

ఆయన్ని బయట కూర్చోమన్నవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. అందుకే కాబోలు, కాదనడం తెలియలేదు. వెళ్ళి నేలమీదే కూర్చున్నారు.

అప్పుడు మొదలైంది ఆట. ఆహా, ఏం ఆట! సూదిమల్లి వస్తే నేల అదిరేది, నాగరత్నం వెళ్తే మెరుపు మెరిసేది. అవుటైనవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి భల్లయ్యగారి పక్కన కూర్చుని, మళ్ళీ లేచి వెళ్ళేవారు. ఎన్నో ఆటలు ప్రారంభించిన మనిషి, పాపం, ఒక్క ఆటా చూడలేదు. మొదట ఊరికే చూశారు. తరవాత మోకాళ్ళ మీదికి లేచారు. చివరికి "పట్టు! పట్టు!" అని పక్కనున్న కొంగ మెడ పట్టుకున్నారు.

సూదిమల్లి పోయిన పాయింటు ఆడి తెచ్చుకుంది, మాట నిలబెట్టుకుంది. ఆఖరి కూత నాగరత్నానిది. జింకలా వంగింది, పాములా జారింది, సూదిమల్లి వీపు మీది ముల్లు ఒకటి చేత్తో తెంపుకుని మరీ గీత దాటింది. ఒక్క పాయింటు తేడాతో కప్పు వచ్చింది.

తోకానందం పరుగున వచ్చాడు. "అయ్యా, ఇదంతా నా తీర్మానం వల్లే..."

"అంటే నన్ను పడగొట్టించింది నువ్వేనన్నమాట!"

"అవునండీ... కాదండీ..."

తోకానందాన్ని మగపిల్లల క్రికెట్టుకి ఇన్‌చార్జిగా రాళ్ళ దిబ్బ మీదికి బదిలీ చేశారు. శాలువా కప్పే పంపారు, అక్కడ ఎండ ఎక్కువని.

ఎర్రమట్టి నేల పిల్లలదే అయింది. కాకపోతే మర్నాడు పొద్దున్నే అక్కడికి భల్లయ్యగారు దిగారు. ఆ మడమ పట్టు తనకి నేర్పాలట.

"ముందు రాళ్ళేరాలండీ" అంది ఉడుత.

అధ్యక్షులవారు నడుం వంచి రాళ్ళేరడం మొదలుపెట్టారు.

నీతి: గెలుపు ముందే ఖాయం చేసుకోవాలనుకునేవాళ్ళు ఆట వచ్చిన పిల్లల్ని బరిలోకి దించకూడదు.