సీమంతానికి తగిన సినిమా

శనివారం పొద్దున హనుమంతరాయ శెట్టి తలపెట్టిన పని ఒక్కటే. చింతామణి బజారు వీధిలోని కిరాణా అంగడి తలుపులు తీసి, పటానికి ఊదుబత్తి చూపించి, తీరిగ్గా కూర్చుని, నిన్న చూసిన సినిమా ఎలా ఉందో ఊరికి చెప్పడం. పప్పులూ బెల్లమూ తూచడం కూడా ఉండేది కానీ, అది చేతుల పని. నోరు ఖాళీగానే ఉండేది.

ఆ రోజుల్లో ఒక సినిమా చింతామణికి చేరేసరికి బెంగళూరులో ఆడి, కోలారు తిరిగి, ఒళ్ళంతా గీతలు పడి, మండుటెండలో తీసిన పాటలో కూడా తెరమీద వాన కురుస్తుండేది. అయినా శుక్రవారం కొత్త బొమ్మ పడిందంటే ఊరు ఊరంతా ఉత్సాహమే. వ్యాపారస్తుల ఇళ్ళల్లో మాత్రం ఒక కట్టుబాటు ఉండేది. ఆడవాళ్ళు మొదటిరోజు వెళ్ళకూడదు. ముందు హనుమంతరాయ చూడాలి. అతను బెంగళూరులో బి.ఎ. చదివినవాడు, భార్య పోయినా నలుగురి మధ్య నవ్వుతూ తిరిగేవాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అటువంటివాడు శనివారం పొద్దున "చూడచ్చు" అంటే, ఆ మధ్యాహ్నమే ఆడవాళ్ళంతా తలలో పూలు పెట్టుకుని గుంపుగా టాకీసుకు బయలుదేరేవారు. మగవాళ్ళు మారుమాట్లాడేవారు కాదు. హనుమంతరాయ చూశాడంటే తాము చూసినట్టే.

అయితే హనుమంతరాయ ఏ సినిమానూ పూర్తిగా చూసింది లేదు. ఇంటర్వెల్‌లో ఒక సోడా తాగి, మళ్ళీ దీపాలు ఆరగానే, అతనికి తల్లి ఒడిలో పడుకున్నంత హాయిగా నిద్ర పట్టేది. భార్య వనజమ్మ బతికున్నప్పుడు ఇబ్బంది లేదు. ఇంటికి నడిచివచ్చే దారిలో రెండో సగం కథంతా ఆమె చెప్పేది. ఆమె పోయాక ఆ సగాన్ని అతనే ఊహించుకోవడం అలవాటు చేసుకున్నాడు. చెడ్డవాళ్ళు బుద్ధి తెచ్చుకుంటారు, విడిపోయినవాళ్ళు కలుస్తారు, తప్పిపోయిన పిల్లవాడు దొరుకుతాడు. ఇందులో తప్పు చెప్పేవాళ్ళు ఎవరూ కనబడలేదు. శుక్రవారం ఆ టాకీసులో కూర్చోవడం, శనివారం దాని గురించి మాట్లాడడం, ఈ రెండూ లేకపోతే వారానికి ముందూ వెనకా ఉండేది కాదు అతనికి. నిద్ర సంగతి లోకంలో తనకొక్కడికే తెలుసునని అతని గట్టి నమ్మకం.

ఆ శనివారం మొదటి బేరం గుడ్డల అంగడి రంగనాథ భార్య సులోచనమ్మది. ఆదివారం వాళ్ళ కూతురు నాగవేణికి సీమంతం. ఊళ్ళోకి కొత్తగా వీడియో వచ్చింది కదా, బాలచంద్ర దగ్గర టీవీ, క్యాసెట్ పెట్టె బాడుగకు చెప్పారు. వచ్చిన చుట్టాలకు ఒక సినిమా చూపించాలి. ఏ సినిమా అన్నదే తేలలేదు.

హనుమంతరాయకు వీడియో మీద పెద్ద గౌరవం లేదు. ఆ పెట్టెలో మనుషులు బొటనవేలంత ఉంటారు, వాళ్ళు ఏడ్చినా జాలి పుట్టదు, అనేవాడు. కానీ నిన్న చూసిన 'నిండు గడప' గుర్తుకొచ్చి అతని ముఖం వెలిగిపోయింది. అత్తగారు దేవత లాంటిది, కోడలికి నెల తప్పుతుంది, ఊరంతా కలిసి సీమంతం చేస్తుంది, గాజుల మీద ఒక పాట. ఆ పాట దగ్గరే ఇంటర్వెల్.

"ఇంకేమీ వెతకద్దమ్మా. సీమంతానికే తీసినట్టుండాది. చూలాలిని ముందర కూర్చోబెట్టి చూపించు" అన్నాడు. గాజుల పాట ఎలా తీశారో, అత్తగారు కోడలికి దిష్టి ఎలా తీసిందో వరసగా చెప్పుకుంటూ పోయాడు. సులోచనమ్మ చాలాసేపు శ్రద్ధగా విని, బెల్లం తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళి ఆ సినిమా పేరు చెప్పి పంపిన కాసేపటికి బాలచంద్ర సైకిలు దిగాడు. వీడియో అంగడి పెట్టినప్పటినుంచి అతను ప్రతి సినిమానూ ఇష్టం ఉన్నా లేకున్నా చూడవలసి వస్తోంది.

"శెట్టిగారూ, మీరు చెప్పినారంటే నేను అడ్డం చెప్పేది లేదు" అన్నాడు మెల్లగా. "కానీ సీమంతానికి ఆ సినిమానా?"

"ఏమయ్యిందప్పా?"

"ఏముండాది. ఇంటర్వెల్ అయినాక ఆ సీమంతం లడ్డులోనే కదా విషం పెట్టేది. కోడలు బదులు అత్త తిని సచ్చిపోతాది. ఆడనుంచి కడదాకా దయ్యమే. జుట్టు ఇరబోసుకొని రోకలి ఎత్తుకొని తిరగతాది. మా అంగట్లో చూసిన గట్టి మొగోడొకడు క్యాసెట్ ఆపమనె."

హనుమంతరాయ తక్కెడలో పోసిన పప్పును మళ్ళీ బస్తాలో పోసేశాడు. దయ్యం, విషం, నిండు చూలాలు. పైగా రంగనాథ తల్లి అంబుజమ్మ ఎదురుగా పిల్లి వస్తే కాశీ ప్రయాణమైనా మానుకునే మనిషి. రేపు ఆ ఇంట్లో నాగవేణి జడుసుకుంటే? అంబుజమ్మ శపిస్తే? ఇకమీదట "హనుమంతరాయ చెప్పాడు" అంటే ఎవరు వింటారు? అసలు ఇంటర్వెల్ తరువాత నువ్వు ఏమి చూశావని ఎవరైనా అడిగితే?

తక్కెడ కింద పెట్టి నేరుగా గుడ్డల అంగడికి పోయాడు. రంగనాథ పంచెలు మడత పెడుతున్నాడు. వేరే సినిమా తెప్పించుకోమని చెప్పాడు హనుమంతరాయ. ఎందుకని అడిగితే కారణం చెప్పలేడు. ప్రింటు బాగా లేదన్నాడు. క్యాసెట్‌కు ప్రింటేమిటని అడిగాడు రంగనాథ. పాటలు ఎక్కువన్నాడు. పాటల కోసమే కదా మా వాళ్ళు ముచ్చటపడుతున్నారు అన్నాడు రంగనాథ. హనుమంతరాయ వెనక్కి వచ్చేశాడు.

రంగనాథ వ్యాపారస్తుడు. కారణం లేకుండా ఎవరూ మాట మార్చరని అతనికి తెలుసు. ఒక్క ఆలోచనలో అంతా తేల్చేశాడు. టాకీసు యజమాని చెన్నరాయప్పకు వీడియో అంటే ఒళ్ళు మంట. అదే సినిమా తన టాకీసులో ఆడుతుండగా ఇంట్లో వేసుకుంటారా అని, ఆ మెత్తటి మనిషిని పట్టుకుని మాట మార్పించి ఉంటాడు. రంగనాథ పంచెలు అలాగే వదిలేసి టాకీసుకు వెళ్ళి, సీమంతం చెడగొడతావా అని చెన్నరాయప్పను నిలదీశాడు.

చెన్నరాయప్పకు సీమంతం గురించి తెలియదు. అతనికి ఒక్క ముక్కే అర్థమైంది. హనుమంతరాయ తన సినిమా బాగా లేదంటున్నాడు. ఇన్నేళ్ళలో అతను అలా అనడం ఇదే మొదలు. ఇక ఆడవాళ్ళ క్లాసు ఈ వారమంతా ఖాళీ. గుండె చేత పట్టుకుని అంగడికి పరుగెత్తుకు వచ్చాడు.

"ఏమప్పా శెట్టీ, నా కడుపు మీద కొడతాండావే. నీకు నేనేమి చేస్తిని?"

హనుమంతరాయ ఎవరి కడుపూ కొట్టలేని మనిషి. బాగా లేదని నేను అనలేదని మూడు విధాలుగా చెప్పాడు. చెన్నరాయప్ప నమ్మలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చివరకు పొద్దున అన్న మాటే నోట్లోంచి జారింది.

"సీమంతానికే తీసినట్టుండాదని నేనే చెప్తినప్పా."

చెన్నరాయప్ప కన్నీళ్ళు తుడుచుకోవడం ఆపాడు. ఆ ముఖంలో మెల్లగా ఒక వెలుగు పుట్టడం చూసి హనుమంతరాయకు భయం వేసింది. అది న్యాయమైన భయమే. మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుండగా వీధిలో జట్కా మీద మైకు వినబడింది. "చూలాలు ఉన్న ప్రతి ఇంటివారూ చూడవలసిన చిత్రం, సీమంతపు చిత్రం, నిండు గడప! బి.ఎ. హనుమంతరాయ శెట్టిగారు మెచ్చిన చిత్రం! గర్భిణీ స్త్రీలకు ఫ్యాను కింద సీట్లు!"

జట్కా బజారు దాటింది, బస్‌స్టాండు దాటింది, కైవార దారి పట్టింది. సాయంత్రానికి ఆ సినిమా చూస్తే కాన్పు సులువవుతుందన్న మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. చెన్నరాయప్ప మాత్రం కాదనలేదు. ఆదివారం పొద్దున కైవార బస్సులోంచి దిగినవాళ్ళను హనుమంతరాయ కళ్ళారా చూశాడు. అత్తలు చేయి పట్టుకుని దింపుతున్నారు, కోడళ్ళు నడుము పట్టుకుని దిగుతున్నారు. బాగేపల్లి బస్సులోనూ అదే వరస. తాలూకాలోని చూలాళ్ళందరి బరువూ తన నెత్తిన ఉన్నట్టయింది. టాకీసును ఆపడం అతనివల్ల కాదు. రంగనాథ ఇంటినైనా కాపాడుకోవాలి.

ఆలోచించగా ఒక ఉపాయం తోచింది. మొదటి సగంలో ఏ దోషమూ లేదు, అది తన కళ్ళతో చూసిందే. కాబట్టి గాజుల పాట అయిపోగానే పెట్టె ఆపేయాలి. బాలచంద్రను సీమంతం ఇంటి వాకిట్లో పట్టుకుని చెవిలో చెప్పాడు. పెట్టె లోపల క్యాసెట్‌ను చదివే హెడ్డుకు దుమ్ము పట్టింది, ఇంక ఆడదని చెప్పెయ్యమన్నాడు. బాలచంద్ర ఏదో చెప్పబోయి, హనుమంతరాయ ముఖం చూసి, సరేనని తల ఊపాడు.

నాగవేణికి పూలజడ వేసి, చేతుల నిండా గాజులు తొడిగి, హారతి ఇచ్చారు. మగవాళ్ళు పెరట్లో పంక్తి భోజనాల దగ్గర ఉన్నారు. నడవలో ఆడవాళ్ళు చాపల మీద సర్దుకున్నారు. సినిమా చెప్పిన పెద్దమనిషి కదా అని హనుమంతరాయకు ముందువరుసలో పీట వేశారు, ఒక పక్క అంబుజమ్మ, ఒక పక్క నాగవేణి. అతను గాజుల పాట కోసం ఎదురుచూశాడు. టీవీ చిమచిమలాడింది, గీతలు పడ్డాయి, బొమ్మ తేటపడింది.

ఆ బొమ్మలో అత్తగారు జుట్టు విరబోసుకుని, రోకలి ఎత్తి, నేరుగా హనుమంతరాయ వైపు వస్తోంది.

ఎలా లేచాడో అతనికే తెలియదు. ముందు బాడుగకు తీసుకున్నవాళ్ళు క్యాసెట్ వెనక్కి తిప్పకుండా ఇచ్చుంటారు, అదీ అతని అనుమానం. కండువా రెండు చేతులా చాచి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. ఇక దాచి లాభం లేదు. చెమటలు తుడుచుకోవడానికి కండువా కూడా ఖాళీ లేదు.

"అమ్మా, తప్పయిపోయింది. మీకు ఒక మాట చెప్పల్ల. నేను ఇంటర్వెల్ అయినాక..."

"నిద్రపోతావు" అంది అంబుజమ్మ. "తెలుసు. పక్కకు జరుగు, దయ్యం కనపళ్ళేదు."

నడవంతా గొల్లుమంది. నాగవేణి నవ్వుకు గాజులు గలగలమన్నాయి. హనుమంతరాయ కండువా దించాడు. టీవీలో దయ్యం విషం పెట్టిన మామను గడ్డివాము చుట్టూ తరుముతోంది. చూలాలు జడుసుకోలేదు సరికదా, "కొట్టత్తా, వదలద్దు" అంటోంది.

"నీ గురక ఆడోళ్ళ క్లాసు దాకా వినిపిస్తాదన్నా" అంది సులోచనమ్మ అతన్ని పీట మీద కూర్చోబెడుతూ. "దీపాలు ఆరినాక అది మొదలైతేనే మాకు ధైర్యం. ఇంక రేపు పొద్దున బాగుండాదనే చెప్తాడు అనుకుంటాము."

"మరి మొదటినుంచి ఏంటికి వెయ్యలేదమ్మా?"

"మొదటి సగమంతా నిన్న అంగట్లో నువ్వే చూపిస్తివి కదా. మళ్ళీ చూసేదేంటికి? కరెంటు యాడ పోతాదో అని రెండో సగం నుంచే వెయ్యమంటిమి."

వాకిట్లో బాలచంద్ర చెప్పబోయి మింగేసిన మాట ఇదన్నమాట.

సులోచనమ్మ గొంతు తగ్గించి పెరటివైపు చూసింది. "నువ్వు మేలుకొని చూసింటే సగం సినిమాలు వద్దనుండేవాడివి. అప్పుడు మా ఇంటాయన మమ్మల్ని పంపించునా? వనజక్క పోకముందే మాకు చెప్పింది. ఆయన్ని ఎవరూ లేపద్దండి, నేను దావలో మంచి కథ చెప్పి తీసుకొస్తా అనె."

హనుమంతరాయ టీవీ వైపు తిరిగాడు. ఇంటికి నడిచివచ్చే దారిలో వనజమ్మ చెప్పిన కథల్లో ఎవరూ చచ్చిపోయింది లేదు. ఒక్క దయ్యం లేదు. ఆ సినిమాలన్నీ అలాగే ముగిశాయని ఇన్నేళ్ళూ నమ్మాడు. బహుశా ఒక్కటీ అలా ముగిసి ఉండదు. అతనికి నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు వచ్చినదాన్ని కండువాతో తుడుచుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక రెండో సగాన్ని కళ్ళు తెరిచి చూశాడు. దయ్యం రోకలి విసిరినప్పుడల్లా అంబుజమ్మ అతని తొడ మీద చరిచింది.

సినిమా ముగుస్తుండగా రంగనాథ చేతులు తుడుచుకుంటూ పెరట్లోంచి వచ్చాడు. టాకీసులో ఆడవాళ్ళ క్లాసులో ఈలలు వేస్తున్నారట, చూలాళ్ళే వేస్తున్నారట, ఏమిటా సినిమా అని అడిగాడు. ఆడవాళ్ళందరూ హనుమంతరాయ వైపు తిరిగారు. సులోచనమ్మ కొంగు వేళ్ళకు చుట్టుకుంటోంది.

హనుమంతరాయ లేచి, కండువా భుజం మీద సర్దుకున్నాడు.

"పూర్తిగా చూసే చెప్తాండా రంగనాథా. మొదటి సగం కంటే రెండో సగం ఇంకా మేలు. ఇంటిల్లిపాదినీ పంపించచ్చు" అన్నాడు.

తరువాతి శుక్రవారం అతను టాకీసుకు వెళ్ళేసరికి, చెన్నరాయప్ప అతని కుర్చీకి ఒక దిండు కట్టించి ఉంచాడు.