తలలు సరిపోతే చాలదా?

అసలుకూ నకలుకూ తేడా ఉందేమోనని పేరుపేరునా సరిచూడమనేవాళ్ళంత పనిలేనివాళ్ళు లోకంలో ఇంకెవరూ ఉండరు! ఇద్దరు పిల్లల్ని బడికి పంపాం, ఇద్దరు తిరిగొచ్చారు. లెక్క సరిపోయిందా లేదా? మొన్న నేనలాగే ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాను. మా ఆవిడ తలుపు తీసి, "వీళ్ళెవరి పిల్లలండీ?" అంది. ఆవిడకు ప్రతిదానికీ అనుమానమే!

మా ఆసుపత్రివాళ్ళకు అంత చాదస్తం లేదు. రోగుల వివరాలన్నీ ఒక కంప్యూటర్లో ఉంటాయి. అది మొరాయిస్తే ఆదుకుంటుందని అదే డేటాబేస్ నకలును ఇంకో కంప్యూటర్లో ఉంచారు. రెండూ ఒకటేనా అని రోజూ సరిచూసే బాధ్యత రికార్డుల గుమాస్తాగారిది. ఆయన పద్ధతికి చేతులెత్తి మొక్కాలి. అసల్లో ఎంతమంది? నలభై వేల పన్నెండు. నకల్లో? నలభై వేల పన్నెండు. టిక్కు! ఆ తర్వాత టీ.

పోయిన వారం అసలు కంప్యూటరు మొరాయించింది, నకలు పనిలోకి దిగింది. నా ఎడమ కంటి శుక్లం బాగా ముదిరింది, ఈ నెలలో తీయకపోతే చూపు దక్కదని డాక్టరుగారు చెప్పి ఉన్నారు. ఆపరేషన్ కబురు కోసం చూస్తుంటే ఫోను రానే వచ్చింది.

"తొమ్మిదో నెల కదమ్మా, బరువులెత్తకండి!"

యాభై తొమ్మిదేళ్ళ మీసాలవాణ్ణి. ఇంత ఆప్యాయంగా నన్నెవరు పలకరించారు చెప్పండి? నా తర్వాతి నంబరు ఇల్లాలి వివరాలు నకల్లో నాకూ, నావి ఆవిడకూ అంటుకున్నాయట. పాపం, ఆవిడ నొప్పులని పరిగెత్తుకెళితే కంట్లో చుక్కలు వేసి, రెప్ప ఆర్పొద్దని పడుకోబెట్టారు. అయితేనేం, మొత్తం మీద ఒక్క మనిషి తగ్గారా?

కానీ కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, నా కన్ను నాకు ముద్దు. గుమాస్తాగారి దగ్గరకు వెళ్ళి, నా ఒక్కడి వివరాలు చదివి చూడమన్నాను.

"ఇలా అందరివీ చదువుతూ కూర్చుంటే లెక్కెప్పుడు పెట్టాలండీ?" అన్నారాయన.

చివరికి నా మీసం చూసి జాలిపడ్డారు. బాగుచేసి తెచ్చిన అసలును ఒక పక్క, నకలును ఒక పక్క తెరిచి చదివారు. "నిజమేనండోయ్, తేడా ఉంది!" అంటూ టకటకా నాలుగు మీటలు నొక్కారు. "దిద్దేశానండీ. ఇక రెండూ ఒకటే!"

ఏది చూసి ఏది దిద్దారనుకున్నారు? నకలు చూసి అసలును! ఇప్పుడు నడుస్తున్నది నకలే కదా మరి!

కాబట్టి ఈ పన్నెండో తేదీన పురిటి గదిలో నాకు మంచం కేటాయించారు. వెళతాను, కాదనను. డాక్టరుగారూ, నాది ఒక్కటే మనవి. చూపు రోజురోజుకీ మసకబారుతోంది, భయంగా ఉంది. పుట్టబోయే బిడ్డ ముఖం చూసుకోవడానికైనా ఆ శుక్లం తీసేయండి!