ప్యాకేజీలో లేని నీళ్లు

జలపాతం చూడాలనుకునేవాడు నేరుగా జలపాతం దగ్గరికి వెళ్లడం శుద్ధ తెలివితక్కువ పని. నేరుగా వెళ్తే ఏమవుతుంది? జలపాతం కనిపిస్తుంది. అంతకు మించి ఒక్క లాభమూ లేదు. అదే గైడ్ ఉన్న బస్సులో వెళ్లి చూడండి! జలపాతం ఒక్కటి తప్ప అన్నీ కనిపిస్తాయి.

నేను ఊరికే మాట్లాడే మనిషిని కాను. మహబూబ్‌నగర్‌లో నాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. బిందె కొనడానికి వచ్చినవాడు దాన్ని వేలితో కొట్టి, చప్పుడు విన్నాకే బేరం మొదలుపెడతాడు. నేనూ ఏ విషయాన్నైనా అలాగే కొట్టి చూస్తాను. ఈ వన్ డే టూర్‌ను కూడా కొట్టి చూశాను. గట్టి సరుకు.

మా అక్క ఎస్తేరు కొత్తకోటలో ఉంటుంది. హాస్టల్లో వంట చేసి చేసి, మోకాళ్లు సహకరించక ఈ మధ్యే మానేసింది. ఒకరోజు ఫోన్‌లో మల్లెల తీర్థం జలపాతం వీడియో చూసి నాకు కబురు చేసింది.

"తమ్మీ, పుట్టినకాడికెల్లి నీళ్లను కిందికెల్లి మీదికి మోసుడే అయింది. బాయికాడికెల్లి మోసిన, బోరింగుకాడికెల్లి మోసిన. మీదికెల్లి వాటంతల అవే వచ్చే నీళ్ల కింద ఒక్కపారి నిలవడాలె. మోకాళ్లు మొత్తం పోకముందే."

మల్లెల తీర్థం మా పాత జిల్లాలోదే. కల్వకుర్తి మీదుగా పోతే సరిపోతుంది. కానీ ఫ్యాక్టరీ పక్కింటివాడైనా సరుకు డీలర్ దగ్గరే కొనుక్కోవాలన్నది వ్యాపార ధర్మం. అందుకని అక్కను తీసుకుని హైదరాబాద్ వెళ్లి, అక్కడ టూర్ బస్సెక్కి, మళ్లీ మా వైపే వచ్చాను.

"మన పెరట్లకు పోనీకి పట్నం పోయి రావాల్నా?" అంది అక్క.

"మనంతల మనం పోతే అది అడివి అక్కా. గైడ్‌తోని పోతే టూరిజం."

మా కాలంలో గైడ్ అంటే పరీక్షల ముందు కొనుక్కునే పుస్తకం. పాఠం చదవకుండానే జవాబులన్నీ ఇచ్చేది. మా బస్సు గైడ్ నాగేందర్ కూడా సరిగ్గా అలాంటివాడే. బస్సు నగరం దాటకముందే టీవీలో జలపాతం వీడియో పెట్టేశాడు. డ్రోన్‌తో తీసిందట. పక్షికి తప్ప ఎవరికీ కనిపించని వైపు నుంచి కూడా చూపించాడు. ఆ తర్వాత ఇక దిగి చూడాల్సింది ఏముంటుంది చెప్పండి?

తర్వాత టిఫిన్ హోటల్. అక్కడ ఆలస్యమైనందుకు నాగేందర్ బాధపడలేదు, మమ్మల్నీ బాధపడనివ్వలేదు. తర్వాత అడవి తేనె దుకాణం. తర్వాత ఆ దుకాణంవాడి బామ్మర్ది దుకాణం. తర్వాత గ్రూప్ ఫొటో. అందరూ కళ్లు తెరిచి ఉన్న ఫొటో వచ్చేదాకా తీశారు. ఇంత సరుకు ఒక్క టికెట్ మీద ఏ జలపాతం ఇస్తుంది?

చివరికి మల్లెల తీర్థం వచ్చింది. లోయలోకి మెట్లు, కింద నీళ్లు.

"మోకాళ్ల నొప్పులున్నోళ్లు మీదనే ఉండుర్రి. సౌండ్ మంచిగ వినిపిస్తది. సౌండ్ కూడా ప్యాకేజీలదే," అన్నాడు నాగేందర్.

అక్క వినలేదు. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. చెట్ల సందుల్లోంచి తెల్లగా నీళ్లు కనబడే చోటికి వచ్చామో లేదో, పైనుంచి విజిల్ వేశారు. టైమ్ అయిపోయిందట. అక్క కాసేపు అక్కడే నిలబడి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి ఎక్కింది. దిగేటప్పుడు రాని కన్నీళ్లు ఎక్కేటప్పుడు వచ్చాయి. మోకాళ్ల వల్లే అని చెప్పింది. నేనూ అలాగే లెక్క వేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో డ్రైవర్ డీజిల్ కలిసొస్తుందని అడ్డదారి పట్టాడు. ఒక ఊరి దగ్గర బస్సు ఆగిపోయింది. ఆ ఏటి వానలకు చెరువు నిండి, కట్ట చివరి అలుగు గోడ మీదుగా నీళ్లు కిందికి దూకి, రోడ్డుకు అడ్డంగా పారుతున్నాయి.

"తమ్మీ, మత్తడి దుంకుతాంది," అని అక్క లేచింది.

నాగేందర్ తలుపుకు అడ్డం వచ్చాడు. "అమ్మా, గిది మన ప్యాకేజీల లేదు."

"లేదు గాబట్టే దిగుతున్న. జరుగు బిడ్డా."

"తడిసి ఎక్కితే సీట్లు ఖరాబైతయి."

"నిలవడే వస్త."

అక్కడ మెట్లు లేవు, విజిల్ లేదు. పసుపు కుంకుమలు తెచ్చిన ఆ ఊరి ఆడవాళ్లు జరిగి అక్కకు జాగా ఇచ్చారు. ఒకామె, "ఏ ఊరు వదినే?" అని అడిగింది. అక్క అప్పటికే గోడ కింద నిలబడింది. నీళ్లు నెత్తిన పడుతున్నాయి. రెండు చేతులూ ఖాళీగా కిందికి వేలాడుతున్నాయి. ఆ చేతులు ఏమీ పట్టుకోకుండా ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

అక్క అన్న మాట ప్రకారం హైదరాబాద్ దాకా నిలబడే వచ్చింది.

మొన్న ఆ టూర్‌వాళ్ల ప్రకటన నా ఫోన్‌కు వచ్చింది. నాగేందర్ బస్సులోంచి ఎప్పుడు తీశాడో, అందులో ఉన్నది మత్తడి కింద నిలబడ్డ మా అక్కే! గోడను కత్తిరించేసి, "మల్లెల తీర్థంలో మా కస్టమర్ ఆనందం" అని కింద రాశారు. అడిగితే, ఆ ఫొటో చూసే వచ్చే ఆదివారం బస్సు నిండిపోయిందని నాగేందర్ సంతోషంగా చెప్పాడు.

అక్కకు చూపిస్తే చాలాసేపు చూసింది. "నేను మంచిగనే పడ్డ. గని వీళ్లంత గా నీళ్ల కోసం మల్లెల తీర్థానికి పోతరు గద తమ్మీ? విజిల్ ఏస్తే మళ్లొస్తరు గద? అసలు జాగ ఏదో చెప్పరాదు?"

చెప్పాలనే కలం పట్టాను. తర్వాత ఆలోచించాను. పాఠకులారా, మీరు నిక్షేపంగా టూర్ బస్సే ఎక్కండి. ఆ ఊరి పేరు మాత్రం నన్ను అడగకండి. చెబితే, ఆ మత్తడికీ ఒక గైడ్ వస్తాడు.